నొప్పులు రాలేదు కదా అని ఆగొద్దు

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల మీదుగా ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వైపు వెళ్లినా, ఇల్లందు నుంచి గుండాల, ఆళ్లపల్లి అడవుల్లోకి వెళ్లినా, నిండు గర్భిణిని ఆసుపత్రికి కదిలించే మాట ఒక్కటే: ‘నొప్పులు మొదలయ్యాయి’. ఆ మాట వినగానే ఆశా కార్యకర్త ఫోన్ అందుకుంటుంది. అత్త బట్టలు సర్దుతుంది. బండి రాని గూడెమైతే మగవాళ్లు డోలీ కట్టి భుజానికెత్తుకుంటారు. కాన్పు ఆసుపత్రిలోనే జరగాలని ఏళ్ల తరబడి చెప్పగా చెప్పగా అలవాటైన పద్ధతి ఇది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయంటే ఈ అలవాటు పాత్ర చాలా ఉంది.

అయితే చివరి నెలల్లో వచ్చే ఒక ప్రమాదానికి చాలాసార్లు నొప్పి ఉండదు. రక్తం కనిపించదు. జ్వరం రాదు. నిన్నటి దాకా తన్నుతూ, పొర్లుతూ ఉన్న బిడ్డ ఇవాళ సరిగా మెదలడం లేదని తల్లికి అనిపిస్తుంది, అంతే. ఆమె చెబితే తప్ప ఇంకెవరికీ తెలిసే వీలు లేదు. చెప్పినా చాలా ఇళ్లలో వచ్చే జవాబు ‘నొప్పులు రాలేదు కదా, పొద్దున చూద్దాం’ అనే. నొప్పులు వస్తే పరుగెత్తే ఇల్లే, బిడ్డ కదలిక తగ్గితే ఆగిపోతుంది. కదలిక తగ్గడం కూడా నొప్పులంత అత్యవసరమని ఎందుకు అనుకోవాలో, ఎప్పుడు బయల్దేరాలో, వెళ్తే అక్కడ ఏం చేస్తారో వరుసగా చూద్దాం.

కదలిక ఏం చెబుతుంది

తొలిచూలు అయితే 18 నుంచి 20 వారాల మధ్య, అంటే ఐదో నెలలో, బిడ్డ మెదలడం తెలుస్తుంది. ముందు కన్న తల్లులు ఇంకాస్త ముందే, 16 వారాలకే పోల్చుకోగలరు. 24 వారాలు నిండినా ఏమీ తెలియకపోతే డాక్టరుకు చూపించుకోవాలి. మొదట్లో ఉందో లేదో అన్నట్టుండే కదలిక 28 వారాలు, అంటే ఏడో నెల వచ్చేసరికి ఒక పద్ధతికి వస్తుంది. కొందరు బిడ్డలు మధ్యాహ్నం నుంచి చురుగ్గా ఉంటారు, కొందరు తల్లి పడుకున్నాక మొదలుపెడతారు. ఏ ఇద్దరిదీ ఒకే తీరు కాదు. కాబట్టి పక్కింటి కోడలి బిడ్డతో పోల్చుకుని లాభం లేదు. మీ బిడ్డ నిన్న, మొన్న ఎలా ఉందో, ఇవాళ ఎలా ఉందో అన్నదే కొలత.

కదలడమంటే తన్నడం ఒక్కటే కాదు. పొర్లడం, తోయడం, చేయో కాలో చాపడం, పక్కకు ఒత్తడం, అన్నీ కదలికలే. లయగా కాసేపు వచ్చే ఎక్కిళ్లను మాత్రం ఈ లెక్కలోకి తీసుకోరు. కడుపులో బిడ్డ కూడా నిద్రపోతుంది. ఒక్కో కునుకు 20 నుంచి 40 నిమిషాలు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ గంటన్నరకు మించి కదలకుండా ఉండడం అరుదు.

బిడ్డకు ప్రాణవాయువు, ఆహారం తల్లి రక్తం నుంచి మాయకు, మాయ నుంచి బొడ్డుతాడుకు చేరి అందుతాయి. మాయ సరిగా పనిచేయకపోతే అందేది తగ్గుతుంది. కరువు ఏడాది ఇల్లు గడవాలంటే ముందు ఖర్చులు తగ్గించుకుంటాం. బిడ్డ శరీరమూ అదే చేస్తుంది. ఉన్న ప్రాణవాయువును మెదడుకు, గుండెకు మళ్లించి కండరాల పని తగ్గించుకుంటుంది. తల్లికి కదలిక తగ్గినట్టు తెలిసేది అప్పుడే. అంటే బిడ్డ ఇంకా పోరాడుతోంది, సాయం చేయడానికి ఇంకా సమయం ఉంది. ఆ సమయం కొన్ని గంటలా, కొన్ని రోజులా అన్నది మాత్రం పరీక్ష చేయకుండా ఎవరూ చెప్పలేరు.

భయపడి కుంగిపోవలసిన పని లేదు. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రిషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ 2011లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, కదలిక ఒకసారి తగ్గిందని వచ్చిన తల్లుల్లో నూటికి 70 మందికి ఏ ఇబ్బందీ లేకుండా కాన్పు అవుతుంది. అదే పత్రంలో ఇంకో సంఖ్య ఉంది. కడుపులోనే బిడ్డను పోగొట్టుకున్న తల్లుల్లో 55 శాతం మంది, ఆ సంగతి బయటపడక ముందే కదలిక తగ్గిందని గమనించారు. ఎక్కువ మందికి ఏమీ కాదన్నది నిజం. ఆ మిగిలినవారు ఎవరో ఇంట్లో కూర్చుని తేల్చలేమన్నదీ అంతే నిజం.

ఆపేసే మాటలు

‘నెలలు నిండాయి, బిడ్డ కిందికి దిగింది, చోటు చాలక కదలడం లేదు.’ అందరికంటే ఎక్కువగా వినిపించేది, అందరికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. 32 వారాల దాకా కదలికలు పెరుగుతాయి. ఆ తర్వాత కాన్పు దాకా దాదాపు అంతే ఉంటాయి. చోటు తగ్గాక గట్టి తన్నులకు బదులు ఒత్తడం, పొర్లడం ఎక్కువగా తెలియవచ్చు. తీరు మారవచ్చు గానీ మొత్తం మీద తగ్గకూడదు. నొప్పులు వస్తున్నప్పుడు కూడా బిడ్డ కదులుతూనే ఉండాలి.

‘చల్లటి నీళ్లు తాగు, బెల్లం ముక్క తిను, కదులుతుంది.’ తినడం, తాగడం తప్పు కాదు. కదలిక కోసం తీపి తిని, కదిలిందా లేదా అని ఎదురుచూస్తూ ఒక పూట, మళ్లీ తిని ఇంకో పూట గడపడమే ప్రమాదం.

‘మొన్ననే స్కానింగ్ తీశారు, అంతా బాగుందన్నారు.’ మన దగ్గర అందరికీ తెలిసిన టిఫా స్కాన్‌ను 18 నుంచి 22 వారాల మధ్య తీస్తారు. అది బిడ్డ అవయవాలు సరిగా ఏర్పడ్డాయా లేదా చూస్తుంది. తొమ్మిదో నెలలో మాయ ఎలా పనిచేస్తోందో ఐదో నెల స్కాన్ చెప్పలేదు. పోయిన వారం తీసిన స్కాన్ కూడా పోయిన వారం సంగతే చెబుతుంది.

‘గుండె చప్పుడు వినిపించింది కదా.’ ఉపకేంద్రంలో ఏఎన్‌ఎం చిన్న డాప్లర్ పరికరం పెట్టి చప్పుడు వినిపిస్తే మనసు కుదుటపడుతుంది. బిడ్డ బతికే ఉందని అది చెబుతుంది. బాగుందని మాత్రం చెప్పదు. ఇబ్బందిలో ఉన్న బిడ్డ గుండె కూడా కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ చప్పుడు విని ఇంటికి తిరిగి వెళ్లిపోవద్దు.

‘ఇవాళ మంగళవారం’, ‘అమావాస్య దాటనీ’ అన్న మాటలకు ఇక్కడ చోటు లేదు. ఆసుపత్రి అన్ని రోజులూ తెరిచే ఉంటుంది. మాయ పనితీరు తిథి చూసుకోదు.

లెక్క పెట్టాలా, వద్దా

1976లో వేల్స్‌లోని కార్డిఫ్ వైద్యులు ఒక పద్ధతి చెప్పారు. పన్నెండు గంటల్లో పది కదలికలు తెలియాలి, తెలియకపోతే రావాలి. మన ఆసుపత్రుల్లో ఉదయం, మధ్యాహ్నం, రాత్రి భోజనం తర్వాత ఒక్కో గంట లెక్కపెట్టుకోమని చెప్పే అలవాటు ఇలాంటి ఆలోచనల నుంచే వచ్చింది. అయితే 1989లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం దాదాపు 68 వేల మంది గర్భిణులను చూసి, రోజూ పట్టిక రాయించినంత మాత్రాన మరణాలు తగ్గలేదని చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2016 మార్గదర్శకాల్లో రోజువారీ లెక్కను అందరికీ తప్పనిసరి చేయలేదు. బిడ్డ కదలికల మీద తల్లికి ధ్యాస ఉండాలని, తగ్గితే వెంటనే చెప్పాలని మాత్రం అంది.

కారణం తేలికగానే అర్థమవుతుంది. అంకె పట్టుకుని కూర్చుంటే రెండు చిక్కులు. రోజూ ముప్పై సార్లు కదిలే బిడ్డ పన్నెండుకు పడిపోయినా పది దాటింది కదా అని తల్లి ఊరుకుంటుంది. పది పూర్తి కావాలని పన్నెండు గంటలు ఆగితే విలువైన పగలంతా పోతుంది. కాబట్టి రోజూ పట్టిక నింపడం కంటే, రోజూ కాసేపు ధ్యాస పెట్టడం ముఖ్యం.

ఆ కాసేపు ఎక్కడ దొరుకుతుందన్నదే ఈ ప్రాంతపు ఆడవాళ్ల ప్రశ్న. జనవరి నుంచి మార్చి దాకా మిర్చి కోతలు, ఎండలు ముదిరాక ఇప్పపువ్వు, ఆపైన తునికాకు. ఛత్తీస్‌గఢ్ నుంచి మిర్చి కోతలకు వచ్చి తోటల దగ్గరే గుడిసెల్లో ఉండే ఆడవాళ్లలో గర్భిణులూ ఉంటారు. పొద్దంతా వంగి, లేచి, నడిచి పనిచేసే మనిషికి బిడ్డ కదలికలు సగం తెలియవు. చేతులు పనిలో ఉంటే మనసు కడుపు మీద ఉండదు. ఏడో నెల వచ్చాక మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒకసారి, రాత్రి నడుం వాల్చాక ఒకసారి, పక్కకు తిరిగి పడుకుని కడుపు మీద చేయి వేసుకుని చూసుకోవాలి. దీనికి గడియారం అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. మేస్త్రీ ఆ విరామం ఇవ్వాలి, ఇంటివాళ్లు ఆ విరామం అడగాలి.

తగ్గిందో లేదో అనుమానంగా ఉన్నప్పుడు మాత్రం లెక్క పనికొస్తుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకుని, వేరే పని పెట్టుకోకుండా, రెండు గంటలు గమనించండి. ఆ రెండు గంటల్లో పది కదలికలు తెలియకపోతే ఇక ఆలోచించేది లేదు, బయల్దేరాలి.

ఎప్పుడు బయల్దేరాలి

28 వారాలు దాటినవాళ్లు గుర్తుపెట్టుకోవలసినవి ఇవి:

– బిడ్డ అసలు కదలడం లేదనిపిస్తే రెండు గంటల లెక్క కూడా వద్దు. అప్పుడే వెళ్లాలి.

– ఎప్పటికంటే తక్కువగా, లేదా బలహీనంగా కదులుతుంటే, అనుమానం తీరకపోతే రెండు గంటలు చూసి వెళ్లాలి.

– ఒక్కసారిగా విపరీతంగా కొట్టుకుని ఆ తర్వాత సద్దుమణిగితే వెళ్లాలి.

– కదలిక తగ్గడంతో పాటు రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోతున్నా, కడుపు రాయిలా గట్టిపడి నొప్పి పుట్టినా, తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం చేతులు వాయడం, జ్వరం వంటివి ఉన్నా ఒక్క నిమిషం ఆగకూడదు.

– ఒకసారి వెళ్లి, బాగుందని చెప్పించుకుని వచ్చాక మళ్లీ తగ్గితే మళ్లీ వెళ్లాలి. రెండోసారి తగ్గడాన్ని డాక్టర్లు మొదటిసారి కంటే గట్టిగా తీసుకుంటారు. ‘మొన్న ఊరికే వచ్చాం’ అన్న మొహమాటం పనికిరాదు.

అర్ధరాత్రి అయినా ఇదే మాట. ఈ ప్రాంతానికి ఇంకో మాట కలపాలి. చర్ల నుంచి భద్రాచలానికి దాదాపు 60 కిలోమీటర్లు. చర్లకు అవతల అడవిలోని గూడెం నుంచి రోడ్డు మీదికి రావడానికే ఇంకో గంటో, రెండు గంటలో పడుతుంది. భద్రాచలంలో కుదరక పంపిస్తే కొత్తగూడెం 40 కిలోమీటర్లు, ఖమ్మం 120 కిలోమీటర్లు. పట్నంలో ఉన్నామె రెండు గంటలు లెక్కపెట్టి పది నిమిషాల్లో ఆసుపత్రికి చేరుతుంది. గూడెంలో ఉన్నామెకు ఆ రెండు గంటలు దారికే కావాలి. కాబట్టి దూరాన ఉన్నవాళ్లు ముందు బండికి ఫోన్ చేసి, అది వచ్చేలోపు పడుకుని లెక్కపెట్టుకోవాలి. ఎంత దూరం ఉంటే అంత ముందుగా కదలాలి.

ఆసుపత్రిలో ఏం చేస్తారు

ముందు ఎన్నో నెల, ఎప్పటి నుంచి తగ్గింది, ఇంతకుముందు తగ్గిందా అని అడుగుతారు. బీపీ చూస్తారు, మూత్రంలో ఆల్బుమిన్ ఉందేమో చూస్తారు, పొట్ట ఎత్తు టేపుతో కొలుస్తారు. బిడ్డ నెలలకు తగ్గట్టు పెరుగుతోందా అన్నది ఆ కొలతలో కొంత తెలుస్తుంది. తర్వాత గుండె చప్పుడు వింటారు.

ఆ తర్వాత చేసే ఎన్‌ఎస్‌టీ ముఖ్యం. పొట్టకు రెండు పట్టీలు కట్టి, కనీసం 20 నిమిషాల పాటు బిడ్డ గుండె వేగాన్ని కాగితం మీద గీత రూపంలో తీస్తారు. నొప్పి ఉండదు, సూది ఉండదు. మామూలుగా గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది. నెలలు నిండే దశలో బిడ్డ కదిలినప్పుడల్లా ఆ వేగం నిమిషానికి కనీసం 15 పెరిగి, కనీసం 15 సెకన్లు అలా ఉండి, మళ్లీ దిగుతుంది. ఆ ఎగుడుదిగుడులే ఆరోగ్యానికి గుర్తు. గీత చదునుగా సాగినా, వేగం పడిపోతున్నా డాక్టర్లు జాగ్రత్తపడతారు. బిడ్డ నిద్రలో ఉందేమోనని ఒక్కోసారి ఇంకాసేపు తీస్తారు. అవసరమైతే స్కానింగ్ చేసి బిడ్డ ఎదుగుదల, ఉమ్మనీరు, బొడ్డుతాడులో రక్తప్రసరణ చూస్తారు.

ఊళ్లలోని చిన్న కేంద్రాల్లో ఎన్‌ఎస్‌టీ యంత్రం ఉండకపోవచ్చు. అక్కడ చప్పుడు విన్నాక ‘ఎన్‌ఎస్‌టీ ఎక్కడ తీస్తారు, అక్కడికి పంపండి’ అని అడగడం మీ హక్కు. భద్రాచలం ఏరియా ఆసుపత్రికి చర్ల, దుమ్ముగూడెం మండలాలే కాదు, ఆంధ్రలోని చింతూరు, కూనవరం వైపు నుంచి, ఛత్తీస్‌గఢ్, ఒడిశా సరిహద్దు గ్రామాల నుంచి కూడా గర్భిణులు వస్తారు. పెద్ద ఆసుపత్రి అవసరమైతే కొత్తగూడెం, ఖమ్మం ఉన్నాయి. గుత్తికోయ గూడేల నుంచి వచ్చే ఆడవాళ్లకు తెలుగు సరిగా రాకపోవచ్చు. కోయ మాట్లాడగలిగినవాళ్లు ఒకరు వెంట ఉంటే ‘బిడ్డ కదలడం లేదు’ అన్న మాట సరిగా చేరుతుంది. ఆధార్ లేదన్న భయంతో ఆగొద్దు. అత్యవసర వైద్యానికి కాగితం అడ్డు రాకూడదు.

ఈ నేలలో ఎవరు మరింత జాగ్రత్తగా ఉండాలి

గోదావరి ఒడ్డు అడవుల్లో మలేరియా పాత శత్రువు. అందులో ఫాల్సిపారం రకం గర్భిణికి సోకితే, ఆ పరాన్నజీవులు మాయలో పేరుకుపోతాయి. తల్లికి జ్వరం పెద్దగా తెలియకపోయినా బిడ్డకు అందేది తగ్గుతుంది. బరువు తక్కువ బిడ్డలు పుట్టడానికి, కడుపులోనే పోవడానికి ఇదొక కారణం. అందుకే గర్భిణికి జ్వరం వస్తే ఆ రోజే ఆశా దగ్గర రక్తపరీక్ష చేయించాలి. దోమతెర కింద పడుకోవడం గర్భిణికి మందుతో సమానం.

రక్తహీనత రెండోది. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో గర్భిణుల్లో 53 శాతానికి పైగా రక్తహీనత ఉంది. 2022 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం న్యూట్రిషన్ కిట్‌ను మొదలుపెట్టిన తొమ్మిది జిల్లాల్లో భద్రాద్రి కొత్తగూడెం ఒకటి కావడానికి కారణం కూడా ఈ రక్తహీనతే. ఐరన్ మాత్రలు మింగడం, అంగన్‌వాడీలో గుడ్డు, పాలు, భోజనం తీసుకోవడం కాన్పు రోజు రక్తం కోసం మాత్రమే కాదు, ఇవాళ బిడ్డకు ఊపిరి అందడం కోసం కూడా.

మూడోది బీపీ. అది పెరిగితే మాయకు వెళ్లే రక్తనాళాలు దెబ్బతింటాయి. షుగరు, గిరిజనుల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ జబ్బు, పొగాకు, సారా, ఇదివరకు బిడ్డ పోయి ఉండడం, కాన్పు తేదీ దాటిపోవడం, ఇవన్నీ ప్రమాదాన్ని పెంచేవే. ఇలాంటివారు కదలిక తగ్గితే రెండు గంటల లెక్క కూడా పెట్టుకోకుండా వెళ్లడం మంచిది. 28 వారాల తర్వాత వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి నిద్రపోవడం అందరికీ మేలు.

‘వెళ్తే కోసేస్తారు’ అన్న భయం

ఈ భయాన్ని కొట్టిపారేయలేం. 2019-21 సర్వేలో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశంలోనే అందరికంటే ఎక్కువ. కదలిక తగ్గిందని వెళ్తే ఆపరేషన్ బల్ల ఎక్కిస్తారేమోనని ఆగే ఇళ్లున్నాయి.

బయటి దేశాల అనుభవం కూడా ఇందులో తీసిపారేసేది ఏమీ లేదని చెబుతోంది. 2018లో లాన్సెట్‌లో వచ్చిన అఫర్మ్ అధ్యయనం బ్రిటన్, ఐర్లాండ్‌లలోని 33 ఆసుపత్రుల్లో నాలుగు లక్షలకు పైగా గర్భాలను చూసింది. తల్లులకు కదలికల మీద అవగాహన కల్పించి, వచ్చినవారికి ఒక పద్ధతిలో పరీక్షలు చేశారు. కడుపులో బిడ్డలు పోవడం వెయ్యికి 4.40 నుంచి 4.06కు తగ్గింది గానీ, ఆ కార్యక్రమం వల్లే తగ్గిందని తేల్చి చెప్పగలిగినంత తేడా కాదు. నొప్పులు తెప్పించడం, సిజేరియన్లు మాత్రం పెరిగాయి. అంతకుముందు 2009లో వచ్చిన నార్వే అధ్యయనంలో మాత్రం, ఇలాంటి పద్ధతి పెట్టాక కదలిక తగ్గిందని వచ్చినవారిలో బిడ్డలు పోవడం 4.2 నుంచి 2.4 శాతానికి దిగింది.

ఈ రెంటినీ పక్కపక్కన పెడితే తేలేది ఇది: పరీక్షకు వెళ్లడం వేరు, ఆపరేషన్‌కు ఒప్పుకోవడం వేరు. ఎన్‌ఎస్‌టీ, స్కాన్ బాగుంటే, ఇంకో ప్రమాదం ఏదీ లేకుంటే, చాలామందిని ఇంటికి పంపిస్తారు. ఏదైనా తేడా కనిపిస్తే ఎన్ని వారాలు నిండాయో చూసి, నొప్పులు తెప్పించాలా, ఆగాలా, ఆపరేషన్ చేయాలా అని నిర్ణయిస్తారు. అప్పుడు ‘ఏ పరీక్షలో ఏం తేడా వచ్చింది, ఆగితే ఏమవుతుంది’ అని అడగండి. నిర్ణయాన్ని ప్రశ్నించడానికి ఆసుపత్రిలో అవకాశం ఉంటుంది. ఇంట్లోనే ఆగిపోతే ఆ అవకాశమే ఉండదు.

ప్రభుత్వ ఆసుపత్రి అంటే చిన్నచూపు ఉన్నవాళ్లకు ఒక మాట. 2021 నవంబరులో అప్పటి భద్రాద్రి కొత్తగూడెం కలెక్టర్ అనుదీప్ దురిశెట్టి భార్యకు కాన్పు జరిగింది భద్రాచలం ఏరియా ఆసుపత్రిలోనే.

లెక్కలోకి రాని బిడ్డలు

ప్రపంచంలో ఏటా దాదాపు 19 లక్షల మంది బిడ్డలు ఏడో నెల దాటాక కడుపులోనే పోతున్నారని ఐక్యరాజ్యసమితి సంస్థల 2021 అంచనా. సంఖ్యాపరంగా మన దేశానిదే పెద్ద వాటా. 2014లో కేంద్రం తెచ్చిన నవజాత శిశు కార్యాచరణ ప్రణాళిక, 2030 నాటికి ఈ మరణాలను వెయ్యికి పది లోపుకు తేవాలని లక్ష్యం పెట్టుకుంది. పుట్టి పోయిన బిడ్డకు కనీసం ఒక కాగితం ఉంటుంది. కడుపులో పోయిన బిడ్డ చాలాసార్లు ఊరి మాటల్లోనే మిగిలిపోతుంది. ఆ మాటల్లో కూడా తప్పు తల్లి మీదికే వస్తుంది. బరువెత్తిందని, ఎక్కడో నడిచిందని, ఏదో తిన్నదని. ఎక్కువ సందర్భాల్లో కారణం మాయలోనో, జబ్బులోనో, అందని వైద్యంలోనో ఉంటుంది. బిడ్డ పోయిన తల్లికి నింద కాదు, తర్వాతి గర్భంలో ముందు నుంచే పెద్ద ఆసుపత్రి పర్యవేక్షణ కావాలి. ఆ గర్భంలో ఏ చిన్న అనుమానం వచ్చినా ఆమె మాటకు ఇంకా ఎక్కువ విలువ ఇవ్వాలి.

ఎనిమిదో నెలలోనే తేల్చుకోవలసినవి

రాత్రి పూట కంగారులో తీసుకునే నిర్ణయాలు ముందే తీసుకుని ఉంచుకుంటే సగం ఆలస్యం పోతుంది. బండికి ఎవరు ఫోన్ చేస్తారు? గూడెంలో సిగ్నల్ ఎక్కడ అందుతుంది? 108 రాలేకపోతే ఎవరి ఆటో, ఎవరి ట్రాక్టరు? వెంట ఎవరు వస్తారు? ఇంట్లో పెద్ద పిల్లలను ఎవరు చూస్తారు? తల్లీబిడ్డల కార్డు, రిపోర్టులు ఏ సంచిలో ఉన్నాయి? ఈ ప్రశ్నలకు జవాబులు ఆశా సమక్షంలో ఒకసారి మాట్లాడుకోవాలి. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా చేసే ప్రత్యేక పరీక్షల రోజు ఇందుకు మంచి సందర్భం.

తెలంగాణలో 102 అమ్మఒడి వాహనం చెకప్‌లకు తీసుకెళ్లి తెస్తుంది. కదలిక తగ్గితే మాత్రం 108కే చేయాలి. ఛత్తీస్‌గఢ్ వైపు 102కు చేస్తే మహతారీ ఎక్స్‌ప్రెస్ వస్తుంది. ఫోన్‌లో ‘గర్భిణి ఉంది’ అని ఊరుకోకండి. ‘ఎనిమిదో నెల, బిడ్డ కదలడం లేదు’ అని మొదటి మాటగా చెప్పండి. ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం పేర్లు కూడా చెప్పండి. మూడు రాష్ట్రాలు కలిసే చోట ఒకే పేరుతో రెండు ఊళ్లు ఉండొచ్చు.

జూలై, ఆగస్టు నెలల్లో కాన్పు తేదీ ఉన్నవాళ్లు గోదావరిని కూడా లెక్కలో పెట్టుకోవాలి. భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కు మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జూలైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. వరద ముదిరితే చర్ల దారి, కూనవరం దారి తెగిపోతాయి. అప్పుడు కదలిక తగ్గినా వెళ్లడానికి దారి ఉండదు. నెలలు నిండినవాళ్లు మొదటి హెచ్చరిక రాకముందే ఆసుపత్రి ఉన్న ఊరికి, చుట్టాల ఇంటికో, ప్రభుత్వం చూపించే వసతికో చేరడం మేలు. వరదలప్పుడు అధికారులే ఇలా తరలిస్తుంటారు. వాళ్లు వచ్చినప్పుడు ‘ఇంకా నొప్పులు రాలేదు’ అని తిప్పి పంపొద్దు.

చివరిగా ఇంటి పెద్దలకు. బిడ్డ కదలిక తగ్గిందని కోడలో, కూతురో చెప్పినప్పుడు భర్త పొలం నుంచి వచ్చేదాకా, మామ ఒప్పుకునేదాకా, ఆశా వచ్చి చూసేదాకా ఆగవలసిన పని లేదు. ఆ విషయంలో ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆమె మాట వినగానే బండికి ఫోన్ చేయండి. వెళ్లి చూపించుకుని ఏమీ లేదని తెలిసి తిరిగొస్తే పోయేది ఒక పూట కూలి. ఆ ఖర్చు ఎంత పేద ఇల్లయినా భరించగలదు.